అప్లికేషనుల నడుమ సంభాషణకు ఏ పద్ధతి మేలు?

పాఠశాల కార్యములలో కంప్యూటరుల వాడుక నానాటికి హెచ్చుచున్నది. హాజరు పట్టిక యొక అప్లికేషనులో నుండును. మార్కుల రిజిస్టరు మఱొకదానిలో నుండును. ఫీజుల లెక్క వేఱొకదానిలో నుండును. ఇవి మూడును తమలో తాము మాటాడుకొనలేనిచో, ఒకే బాలుని పేరును మూడు తావుల వ్రాయవలసివచ్చును. మూడు తావులను మూడు విధములైన తప్పులు దొరలును. కావున ఇట్టి అప్లికేషనుల నడుమ సంభాషణకు ఏ మార్గమును ఏర్పఱచుట యుక్తమను ప్రశ్న పుట్టినది. కంప్యూటరు పాఠములు నేర్చుచున్న పైతరగతుల విద్యార్థులును, పాఠశాలల యాజమాన్యములవారును యోచింపదగిన విషయమగుటచేత, దీనిని గూర్చి నా యభిప్రాయమును సంగ్రహముగ తెలుపుచున్నాను.

అప్లికేషను ఇంటర్‌ఫేసు అనగా నేమో మొదట తెలిసికొనవలయును. పాఠశాల కార్యాలయమునకు వచ్చిన తండ్రి రికార్డుల గదిలో ప్రవేశించి తన కుమారుని రిజిస్టరును తానే వెదకికొనడు. కిటికీ కడ నిలిచి, నిర్ణీతమైన కాగితముపై తనకు కావలసినది వ్రాసి యిచ్చును. గుమాస్తా లోపల వెదకి ప్రతిని తెచ్చి యిచ్చును. కాగితముపై ఏమి వ్రాయవలెనో, ఎవరు వ్రాయవచ్చునో, వచ్చు జవాబు ఏ రూపమున నుండునో ముందుగ నేర్పడియుండుటచేతనే పని సాగుచున్నది. అప్లికేషను ఇంటర్‌ఫేసు, అనగా ఏ.పి.ఐ., ఇట్టి కిటికీయే. అడుగువాడును జవాబిచ్చువాడును ఇచ్చట యంత్రములగుటయే భేదము. ఈ ప్రశ్నోత్తరములు అంతర్జాలము మీద జరిగినప్పుడు దానిని వెబ్ సర్వీసు అందురు.

కిటికీ లేకున్న నేమగునో యొక యుదాహరణమువలన తేటపడును. నేనెఱిగిన యొక పాఠశాలవారు తమ మార్కుల రిజిస్టరులనన్నిటిని ఒక సంస్థవారి అప్లికేషనులో చేర్చిరి. కొన్ని యేండ్లకు ఒడంబడిక ముగిసినది. మార్కులు తెరమీద కనబడుచుండెను గాని వానిని మొత్తముగ వెలికి తీయుటకు మార్గము లేకపోయెను. అట్టి మార్గము కావలెనన్న క్రొత్తగ సొమ్ము చెల్లింపవలెనని ఆ సంస్థవారు చెప్పిరి. తుదకు ఇద్దఱు ఉపాధ్యాయులు సెలవు దినములలో కూర్చుండి, తెరను చూచి కాగితములపై ఎత్తి వ్రాసికొనిరి. ఆ నడుమ టీ.సీ. కొఱకు వచ్చిన పిల్లలు పలుమాఱులు తిరుగవలసివచ్చెను. కావున ఇంటర్‌ఫేసును ఎన్నుకొనుట కేవలము యంత్రజ్ఞుల ముచ్చట కాదు. పిల్లల రికార్డులు ఎవరి యధీనమున నుండవలెనను ప్రశ్న దానిలో నిమిడియున్నది.

నేడు వాడుకలోనున్న మార్గములలో నాలుగింటిని ముఖ్యముగ చెప్పవచ్చును. వానిలో పెద్దది సోప్. ఎక్స్.ఎం.ఎల్. అను గుర్తుల భాష 1998వ సంవత్సరమున ప్రమాణముగ నంగీకరింపబడినది. దాని నాధారముగ చేసికొని సోప్ పద్ధతి రూపొందినది. సోప్ 1.1 అను పాఠము 2000వ సంవత్సరమున వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమునకు సమర్పింపబడెను, 1.2 అను పాఠము 2003వ సంవత్సరమున ఆ సంస్థవారి సిఫారసును పొందెను. ఈ పద్ధతిలో ప్రతి యభ్యర్థనయు నొక లకోటాలో నుంచబడును. లకోటాలో శీర్షభాగమును, విషయభాగమును వేఱుగ నుండును. ఏయే పనులను అడుగవచ్చునో, ఏయే యంశములను పంపవలెనో తెలుపు డబ్ల్యు.ఎస్.డి.ఎల్. అను ఒడంబడిక పత్రము ప్రత్యేకముగ నుండును. ఆ పత్రమును బట్టి, అడుగువాని ప్రోగ్రాములో చాల భాగమును యంత్రమే వ్రాసిపెట్టగలదు. జాబునకు సంతకము చేయుటకును, దానిని రహస్యలిపిలో నుంచుటకును 2004లో వెలువడిన డబ్ల్యు.ఎస్. సెక్యూరిటీ నియమములు కలవు. ఒక సర్వరునుండి మఱొకదానికి, అచ్చటినుండి మూడవదానికి పోవు జాబు త్రోవలో మార్పబడలేదని ఋజువు కావలసిన బ్యాంకు వ్యవహారములలో ఈ గుణము సామాన్యమైనది కాదు.

దీని దోషము బరువు. ఒక బాలుని తెలుగు మార్కును అడుగుటకు ఒక పంక్తి చాలినచోట లకోటాయు, శీర్షమును, పేర్ల గుర్తులును చేరి పెద్ద పత్రమగును. మఱియు సాధారణముగ ప్రతి యభ్యర్థనయు ఒకే చిరునామాకు, పోస్ట్ అను ఒకే క్రియతో పోవును. చదువుటకు వచ్చినదో, మార్చుటకు వచ్చినదో లకోటా విప్పిన గాని తెలియదు. అందుచేత నడుమనున్న యంత్రములు జవాబు ప్రతిని దాచియుంచి, మరల అడిగినవారికి దానినే యిచ్చు సౌకర్యము చిక్కదు.

రెండవది రెస్ట్. 2000వ సంవత్సరమున రాయ్ ఫీల్డింగ్ గారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో డాక్టరు పట్టమునకై సమర్పించిన సిద్ధాంతవ్యాసమున దీనిని నిర్వచించిరి. వెబ్‌కు మూలమైన హెచ్.టి.టి.పి. నియమములను వ్రాసినవారిలో ఆయనయు నొకరు. వెబ్ అంత విస్తారముగ పెరుగుటకు ఆధారమైన కట్టుబాట్లను ఆయన ఒకచోట చేర్చి వానికి పేరు పెట్టిరనవచ్చును. అడుగువాడును ఇచ్చువాడును వేఱుగ నుండవలెను. ప్రతి యభ్యర్థనయు తనను గ్రహించుటకు కావలసిన విషయమునంతయు తనలోనే కలిగియుండవలెను. ‘ఇందాక చెప్పితిని గదా’ యనరాదు. జవాబును దాచియుంచవచ్చునో లేదో చెప్పవలెను. అన్ని వస్తువులకును కిటికీ ఒకే తీరున నుండవలెను. నడుమ ఎన్ని యంత్రములున్నను అడుగువానికి భేదము తెలియరాదు. ఇవి వానిలో ముఖ్యమైనవి.

ఆచరణలో ఇది ఇట్లుండును. ప్రతి వస్తువునకును ఒక చిరునామా యుండును. ఉదాహరణమునకు తెలుగున వ్రాయుదును: ‘/విద్యార్థులు/214/మార్కులు’ అన్నచో 214వ ప్రవేశసంఖ్య గల విద్యార్థి మార్కులని చూచినంతనే తెలియును. గెట్ అనిన చదువుట. పోస్ట్ అనిన క్రొత్తది చేర్చుట. పుట్ అనిన ఉన్నదానికి బదులుగ నుంచుట. డిలీట్ అనిన తీసివేయుట. జవాబుతో నొక సంఖ్య వచ్చును: 200 అనిన పని సరిగా జరిగినది, 404 అనిన అడిగిన వస్తువు దొరకలేదు, 500 అనిన లోపము సర్వరుదే. విషయము సాధారణముగ జేసన్ అను తేలికయైన రూపమున నుండును. అనుమతి గల పదవ తరగతి బాలిక బ్రౌజరులో చిరునామా వ్రాసి జవాబును తన కన్నులతో చూడగలదు. ఈ సులభత్వమే దీని వ్యాప్తికి ముఖ్యకారణమని నా తలంపు. గూగుల్ సంస్థవారు 2002లో తమ అన్వేషణ సేవను సోప్ మార్గమున బయటి ప్రోగ్రాములకు తెఱచిరి. 2006వ సంవత్సరాంతమున క్రొత్తవారికి అనుమతులిచ్చుట మానిరి. 2009లో దానిని మూసివైచిరి. తరువాత ఇట్టి పనికే వారిచ్చిన సేవలు జేసన్ మార్గమును పట్టినవి.

మూడవది గ్రాఫ్‌క్యూఎల్. ఫేస్‌బుక్ సంస్థవారు 2012లో తమ మొబైలు అప్లికేషను కొఱకు దీనిని కల్పించి 2015లో లోకమునకు వెల్లడించిరి. ఇందు అడుగువాడు తనకు కావలసిన యంశములను తానే పేర్కొనును. పేరు, తెలుగు మార్కు, ఈ నెల హాజరు — ఈ మూడే కావలెనన్న ఒక్క యభ్యర్థనకు ఆ మూడే వచ్చును. పలువిధములైన తెరలు గల పెద్ద అప్లికేషనులకు ఇది మేలు. అయితే అడుగువాని స్వేచ్ఛ పెరిగినకొలది ఇచ్చువానికి కావలిపని పెరుగును. ఎవడో లోతైన ప్రశ్న నడిగి సర్వరును అలయింపకుండ హద్దులు పెట్టవలెను. ఏ యంశమును ఎవరు చూడవచ్చునో వేఱువేఱుగ నిర్ణయింపవలెను.

నాలుగవది జీ.ఆర్.పి.సి. గూగుల్ సంస్థవారు దీనిని 2015లో వెల్లడించిరి. ఇందు జాబు మనుష్యులు చదువగల యక్షరములలో గాక, ప్రోటోకాల్ బఫర్ అను బిగించి కట్టిన రూపమున, హెచ్.టి.టి.పి. రెండవ పాఠము మీద పోవును. ఒకే సంస్థలోని సర్వరులు తమలో తాము ఎడతెగక మాటాడుకొనునప్పుడు దీని వేగము మిక్కిలి యుపయోగకరము. కాని బ్రౌజరు దీనిని సూటిగ పలుకలేదు. నడుమ నొక దుబాసి యంత్రము కావలయును.

ఈ నాలుగింటిలో ఏది యుత్తమమని యూరక యడుగుట సరియైన ప్రశ్న కాదు. ఎవరు అడుగుదురు? ఎట్టి త్రోవలో అడుగుదురు? పొరపాటు జరిగిన నష్టమేమి? మన తరువాత దీనిని పోషించువారెవరు? ఈ నాలుగింటికి ముందుగ జవాబు వ్రాసికొనవలయును. పాఠశాల గాని, గ్రంథాలయము గాని, చిన్న వైద్యశాల గాని ఇట్లు వ్రాసికొనినచో, చాలవఱకు రెస్ట్ మార్గమే తగినదని తేలునని నా యభిప్రాయము. దానికి కారణములను చెప్పెదను.

మొదటి కారణము అడుగువారిని బట్టి కలిగినది. పాఠశాల రికార్డులను నేడు తల్లిదండ్రుల ఫోను అడుగును. రేపు హాస్టలు వార్డెనుగారి ఫోను అడుగును. ఎల్లుండి మనకు పేరైనను తెలియని యొక సంస్థవారి ప్రోగ్రాము అడుగును. వారు వాడు ప్రోగ్రాము భాష యేదో మనమెఱుగము. హెచ్.టి.టి.పి., జేసన్ అను రెండును నేడు వాడుకలోనున్న ప్రోగ్రాము భాషలన్నిటికి పరిచితములే. వచ్చువారెవరో తెలియనప్పుడు, అందఱకును అలవాటైన త్రోవను పెట్టుట మర్యాద.

రెండవది త్రోవను బట్టి కలిగినది. మన పల్లెలలో పెక్కుచోట్ల ఫోను సంకేతము వచ్చుచు పోవుచుండును. పాఠశాల కాలపట్టిక గంట గంటకు మాఱునది కాదు. రెస్ట్ మార్గమున ఫోను తనకడనున్న ప్రతి యొక్క గుర్తును పంపి ‘ఇది మాఱినదా?’ యని యడుగవచ్చును. మాఱకున్న 304 అను సంఖ్య మాత్రమే వచ్చును. పట్టిక మరల రానక్కఱలేదు. తక్కువ సొమ్ముతో కొద్దిపాటి డేటా కొనుకొనువారికి ఇది చిన్న మేలు కాదు.

మూడవది సొమ్మును గూర్చినది. ఒక తల్లి ఫోనులో ఫీజు చెల్లించుచున్నదనుకొందము. మీట నొక్కినది; సంకేతము తెగినది; జవాబు రాలేదు. సొమ్ము పోయినదో లేదో తెలియక మరల నొక్కినది. ఫీజు రెండుమాఱులు కోయబడునా? 2022లో మరల క్రోడీకరింపబడిన హెచ్.టి.టి.పి. నియమములు ఈ విషయమును చక్కగ విభజించినవి. గెట్ చదువుటకు మాత్రమే. దానివలన నేదియు మార్పవలెనను కోరిక యుండరాదు. పుట్, డిలీట్ అనువానిని ఒకమాఱు పంపినను పదిమాఱులు పంపినను ఉద్దేశింపబడిన ఫలమొక్కటియే. పోస్ట్‌కు అట్టి హామీ లేదు. కావున ఫీజును పోస్ట్ ద్వారా స్వీకరింతుమేని, ప్రతి చెల్లింపునకును అడుగువాడే యొక ప్రత్యేక సంఖ్యను జతపఱుపవలెను. ఆ సంఖ్య మరల వచ్చినచో సర్వరు మొదటి జవాబునే తిరిగి యిచ్చి యూరకుండవలెను. స్ట్రైప్ మొదలగు చెల్లింపు సంస్థలవారు ఈ యాచారమునే పాటించుచున్నారు. ఇది యే పద్ధతియు తనంతట తానిచ్చు వరము కాదు. మనము తలపెట్టి చేయవలసినది.

నాలుగవది పోషణను గూర్చినది. పాఠశాలలో కంప్యూటరు పని తెలిసినవారు ఒకరిద్దఱుందురు. వారు బదిలీయై పోవుదురు. తరువాత వచ్చినవారు రెండుమూడు దినములలో గ్రహింపగల వ్యవస్థయే నిలుచును. పెద్ద సంస్థలవారు వాడుచున్నారని పెద్ద యంత్రాంగమును తెచ్చి పెట్టుట, ఇరువదిమంది పిల్లల హాస్టలునకు నూఱుమంది వంట గుండిగను కొనుటవంటిది. తోముటకే దినము చాలదు.

ఇందుకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. సోప్‌కు ఒడంబడిక పత్రము కలదు గాని రెస్ట్‌కు లేదందురు. ఇది పూర్వము కొంత నిజము. స్వాగర్ అను పేర మొదలైన వివరణ రూపము 2015లో లినక్స్ ఫౌండేషను ఆశ్రయమున నేర్పడిన ఓపెన్ ఏ.పి.ఐ. సంఘమునకు అప్పగింపబడినది. దానిని బట్టి ఏ చిరునామాలున్నవో, ఏమి పంపవలెనో, ఏమి వచ్చునో యంత్రము చదువగల పత్రముగ వ్రాయవచ్చును. వ్రాయకుండుట మన సోమరితనమే గాని పద్ధతి దోషము కాదు. మఱికొందఱు సంతకముతోడి జాబులకు సోప్ తప్ప గతి లేదందురు. ఆధార్ ధ్రువీకరణకై ప్రచురింపబడిన నియమములను చూడవలెను. అందు విషయము ఎక్స్.ఎం.ఎల్. రూపముననే యుండును, దానికి డిజిటల్ సంతకము నుండును. అయినను సోప్ లకోటా లేకయే హెచ్.టి.టి.పి.ఎస్. మీద సూటిగ పోవును. సంతకము వేఱు, లకోటా వేఱు.

ఇంకొక యాక్షేపణ స్వయముగ ఫీల్డింగ్ గారిదే. జవాబులోనే తరువాతి మెట్లకు లంకెలుండవలెననియు, అట్లు లేనివానిని రెస్ట్ అని పిలుచుట తగదనియు ఆయన 2008లో వ్రాసిరి. ఆ మాట న్యాయమైనదే. నేడు రెస్ట్ అని చెలామణి యగుచున్నవానిలో పెక్కులు ఆ పరీక్షకు నిలువవు. అయినను చిరునామాలు, క్రియలు, సంఖ్యలు అను ఈ మూడింటిని సరిగా పాటించినంతమాత్రమున చిన్న సంస్థకు కావలసిన ప్రయోజనములలో హెచ్చుభాగము చేకూరును. పేరునకై పోట్లాడక పని సరిగా చేయుట మేలు.

సోప్ పాతదని తృణీకరించుటయు తగదు. ఎదుటి బ్యాంకువారు గాని ప్రభుత్వ కార్యాలయమువారు గాని సోప్ భాషనే మాటాడుచున్నచో మనమును అదియే మాటాడవలెను. ఆ మాటలాడు భాగమును ఒక చిన్న ప్రోగ్రాములో విడిగ నుంచుకొనినచో తక్కిన పని చెడదు.

ఇక పిల్లల రక్షణను గూర్చి ముఖ్యముగ చెప్పవలసియున్నది. రెస్ట్ చిరునామా తేటగ నుండుట గుణమే. అదియే యపాయమునకును హేతువు కావచ్చును. 214 అను సంఖ్యను తుడిచి 215 అని వ్రాసినవానికి మఱొక బిడ్డ మార్కులు, చిరునామా, తల్లిదండ్రుల ఫోను సంఖ్య కనబడునేని, ఆ కిటికీ యుండుటకంటె లేకుండుట మేలు. ఓవాస్ప్ అను సంస్థవారు ఏ.పి.ఐ.ల అపాయములను వరుసగ పేర్కొనుచు 2019లోను 2023లోను ప్రకటించిన పట్టికలలో ఈ లోపమునకే మొదటి స్థానమిచ్చిరి. అడుగువాడు ఎవరో తెలిసికొనుట యొకటి. అడిగిన ఈ వస్తువును చూచుటకు వానికి హక్కున్నదా యని ప్రతిమాఱును పరీక్షించుట మఱొకటి. మొదటిది చేసి రెండవది మఱచువారు పలువురు. మన దేశమున 2023లో చేయబడిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారినందఱను బాలలుగ నెంచినది. మన రిజిస్టరులలోని పేర్లు దాదాపు అన్నియు అట్టివారివే యని మఱువరాదు.

తుదకు ఏ మార్గము నవలంబించినను పాటింపవలసిన కొన్ని నియమములు కలవు. తేదీని 2025-06-12 అను తీరున, సంవత్సరము మొదట నుండునట్లు వ్రాయవలెను. 12-06 అనిన ఒకరికి జూను పండ్రెండు, మఱొకరికి డిసెంబరు ఆఱు. పరీక్షకు రాని బాలునికి సున్న వేయరాదు. రాకపోవుట వేఱు, వచ్చి సున్న తెచ్చుకొనుట వేఱు. ఇంటర్‌ఫేసు ఈ రెంటిని వేఱుగ చెప్పగలిగియుండవలెను, లేనిచో జ్వరముతో పరుండిన బిడ్డ తప్పినవాడుగ లెక్కింపబడును. పేర్లను తెలుగున పంపుటకు జంకనక్కఱలేదు. వేఱువేఱు వ్యవస్థల నడుమ పోవు జేసన్ యూ.టి.ఎఫ్.-8 అను లిపిసంకేతముననే యుండవలెనని 2017 నాటి నియమము విధించుచున్నది గాన, తెలుగు పేరు చెడకుండ పోయి చెడకుండ రావలెను. ఒకమాఱు ప్రకటించిన యంశము పేరును చెప్పకుండ మార్పరాదు. మార్పవలసినచో క్రొత్త పాఠమునకు క్రొత్త సంఖ్య నిచ్చి, పాతదానిని కొంతకాలము నడపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, రికార్డులనన్నిటిని మొత్తముగ వెలికి తీసికొను మార్గము మొదటి దినముననే యుండవలెను.

విద్యార్థులారా, మీలో కొందఱు కొలది యేండ్లలో ఇట్టి కిటికీలను కట్టువారగుదురు. ప్రోగ్రాము వ్రాయుటకు పూర్వము ఒక కాగితముపై చిరునామాలను, ప్రశ్నలను, జవాబులను వ్రాసి, ఆ పని తెలియని యొక స్నేహితునికి చూపుడు. అతడు చదివి గ్రహింపగలిగిన, మీరు సగము పని చేసినట్లే. యాజమాన్యములవారికి నా మనవి యొక్కటి. అప్లికేషను కొనునప్పుడు తెరల యందమును చూచుటకు ముందు, ‘మా రికార్డులను మేము ఏ త్రోవను తిరిగి తీసికొందుము? ఆ త్రోవ వ్రాతమూలముగ నున్నదా?’ యని యడుగుడు. దానికి తిన్నని జవాబు రానిచో ఒడంబడికపై సంతకము చేయక వేఱొకరిని విచారించుడు.